వారం రోడ్డు, వారం ఇల్లు: అమెరికాలో లాంగ్‌హాల్ ట్రక్కు డ్రైవర్లకు ఏ షెడ్యూల్ నప్పుతుంది?

సీడీఎల్ (భారీ వాహనాలు నడిపే కమర్షియల్ లైసెన్సు) చేతికొచ్చాకో, పాత కంపెనీతో విసిగిపోయాకో ఉద్యోగ ప్రకటనలు చూడటం మొదలుపెడితే జంట అంకెలు కనిపిస్తాయి: 7/7, 14/7, 21/7. మొదటి అంకె రోడ్డు మీద ఉండాల్సిన రోజులు, రెండోది ఇంటి దగ్గర ఉండే రోజులు. ఇవి కాక మామూలు ఓటీఆర్ (ఓవర్ ద రోడ్) పద్ధతి ఉండనే ఉంది. అందులో మూడు నాలుగు వారాలు ఏకధాటిగా తిరిగి, వారానికి ఒక రోజు లెక్కన మూడు నాలుగు రోజులు ఇంటికి వస్తారు. 7/7 చూడగానే ఏడాదిలో సగం సెలవే కదా అనిపిస్తుంది. జీతం అంకె చూశాక ఆ ఉత్సాహం కూడా సగమవుతుంది. ఈ రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్ల కోసమే ఈ పోలిక.

ఇది ముఖ్యంగా గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్న మనవాళ్ల కోసం. హెచ్‌1బీ డిగ్రీ అవసరమైన ప్రత్యేక నైపుణ్యాల ఉద్యోగాలకు, దరఖాస్తు చేసిన యజమాని దగ్గరే పనిచేయడానికి ఇచ్చే వీసా కాబట్టి దాని మీద ట్రక్కు నడపడం కుదరదు. మిగతా వీసాల వాళ్లకు కూడా సీడీఎల్ నిబంధనలు 2025 సెప్టెంబరు నుంచి బిగిస్తూ వచ్చారు. కాబట్టి డ్రైవింగ్ స్కూల్ ఫీజు కట్టే ముందే మీ రాష్ట్ర లైసెన్సు ఆఫీసులో కనుక్కోండి.

ముందు 70 గంటల సంగతి

షెడ్యూల్ ఏదైనా దాన్ని నడిపించేది ఫెడరల్ పని గంటల నిబంధనే. వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక డ్యూటీ ఎక్కితే, ఎక్కిన క్షణం నుంచి 14 గంటల లోపే డ్రైవింగ్ ముగించాలి. అందులో నడిపేది 11 గంటలు దాటకూడదు. 8 గంటలు నడిపాక అరగంట ఆగాలి. ఇవి అందరికీ తెలిసినవే. షెడ్యూల్ ఎంపికలో అసలు తేడా తెచ్చేది ఇంకొకటి: 8 రోజుల్లో మొత్తం పని 70 గంటలు దాటితే ఆపై నడపకూడదు. డ్రైవింగ్ ఒక్కటే కాదు, ట్రక్కు తనిఖీ, డీజిల్ పట్టించడం, లోడింగ్ దగ్గర డ్యూటీలో గడిపిన సమయం అన్నీ ఇందులోకే వస్తాయి. 2017 డిసెంబరు నుంచి ఈఎల్‌డీ (గంటలను తనంతట తనే నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం) తప్పనిసరి అయ్యాక కాగితం లాగ్‌బుక్కులో సర్దుకునే రోజులు పోయాయి.

వరుసగా 34 గంటలు ఆగితే ఈ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. దీన్నే రీసెట్ అంటారు. ఇక లెక్క వేయండి. రోజుకు 10 గంటల చొప్పున పనిచేస్తే 70 గంటలు సరిగ్గా ఏడు రోజుల్లో అయిపోతాయి. 7/7 డ్రైవరు అప్పటికి ఇంటి దగ్గరే ఉంటాడు, అతని రీసెట్ ఇంట్లోనే అవుతుంది. 14/7 డ్రైవరు మాత్రం ఏడో రోజున ఏదో ఒక ట్రక్ స్టాపులో 34 గంటలు కూర్చోవాలి. లేదా రోజుకు ఎనిమిదిన్నర గంటలకు కాస్త అటూఇటూగా పనిచేస్తూ, ఎనిమిది రోజుల కిందటి గంటలు తిరిగి వస్తుంటే వాటితో నెట్టుకు రావాలి. 21/7 అయితే అలాంటి రీసెట్లు రెండు. పక్కన రీఫర్ (సరుకును చల్లగా ఉంచే) ట్రక్కు ఇంజను రాత్రంతా మోగుతూ, బట్టలు ఉతుక్కునే యంత్రం దగ్గర వంతు కోసం ఎదురుచూస్తూ గడిపే ఆ ఒకటిన్నర రోజుకు మైళ్లూ రావు, ఇల్లూ ఉండదు. ప్రకటనలో మాత్రం అది "ఆన్" రోజుల్లోనే ఉంటుంది.

కెనడాలో నడిపేవారికి లెక్క వేరు. అక్కడ రోజుకు 13 గంటలు నడపొచ్చు. 7 రోజుల్లో 70 గంటలు లేదా 14 రోజుల్లో 120 గంటలు అనే రెండు సైకిళ్లలో ఒకటి ఎంచుకోవాలి. మొదటిదానికి రీసెట్ 36 గంటలు, రెండోదానికి 72 గంటలు. 14 రోజుల షెడ్యూల్ అక్కడ ఈ రెండో సైకిల్‌లో చక్కగా ఇముడుతుంది.

డబ్బు లెక్క

కింది పట్టికలో అందరికీ మైలుకు 60 సెంట్లు అనుకున్నాను. వారానికి మైళ్లు మాత్రం వేర్వేరుగా వేశాను. 7/7లో గంటలన్నీ వాడుకునే వీలుంది. ఎక్కువ రోజులు బయట ఉండేవారికి రీసెట్లు, లోడు కోసం ఎదురుచూపులు కలిసి సగటు తగ్గుతుంది. ఇవి ఉదాహరణ అంకెలే. మీకు కంపెనీ చెప్పిన రేటు, మైళ్లు పెట్టి మీరే ఒకసారి వేసుకోండి.

| షెడ్యూల్ | ఏడాదిలో రోడ్డు మీద రోజులు | పనిచేసే వారానికి మైళ్లు | ఏడాదికి మైళ్లు | ఏడాదికి డాలర్లు | బయట ఉన్న రోజుకు డాలర్లు |
|---|---|---|---|---|---|
| 7/7 | 182 | 3,000 | 78,000 | 46,800 | 257 |
| 14/7 | 243 | 2,700 | 93,600 | 56,160 | 231 |
| 21/7 | 273 | 2,600 | 1,01,400 | 60,840 | 223 |
| మామూలు ఓటీఆర్ (28/4) | 319 | 2,500 | 1,14,000 | 68,400 | 214 |

ఏడాది మొత్తం చూస్తే 28/4దే పైచేయి. చివరి వరుస నుంచి మొదటి వరుసకు వస్తే 21,600 డాలర్లు తగ్గుతాయి. కానీ ఆ డబ్బు కోసం మీరు ఇంకో 137 రోజులు ట్రక్కులో పడుకుంటున్నారు. అంటే ఆ అదనపు రోజు ఒక్కొక్కటి దాదాపు 158 డాలర్లకు అమ్ముకుంటున్నట్టు. కొందరికి ఆ బేరం గిట్టుబాటే, కొందరికి కాదు. కనీసం ఏ ధరకు అమ్ముతున్నారో తెలిసి అమ్మండి. ఇంకో మాట: అంతర్రాష్ట్ర ట్రక్కు డ్రైవర్లకు సాధారణంగా ఫెడరల్ ఓవర్‌టైమ్ చట్టం వర్తించదు. వారానికి 70 గంటలు పనిచేసినా ఒకటిన్నర రెట్ల జీతం చట్టప్రకారం అడగలేరు.

పట్టికలో కనిపించనిది కోతల సంగతి. వారం వారం చెక్కు ఇచ్చే చోట 7/7 డ్రైవరుకు ఒక చెక్కు నిండుగా వస్తుంది, తర్వాతిది దాదాపు ఖాళీ. ఆరోగ్య బీమా ప్రీమియం మాత్రం ప్రతివారం ఉంటుంది. ఖాళీ వారం కోత తర్వాతి చెక్కులో కలిసి పడుతుంది. బీమా ఖర్చు సగం రోజులు పనిచేసేవాడికీ అంతే, నెలంతా తిరిగేవాడికీ అంతే. కుటుంబానికంతటికీ డ్రైవరు ఉద్యోగం మీదే బీమా తీసుకుంటే 7/7 జీతంలో అది ఎంత శాతం తింటుందో ముందే చూసుకోవాలి. భార్య లేదా భర్త ఐటీ ఉద్యోగం మీద బీమా ఉన్న ఇళ్లలో ఈ చిక్కు ఉండదు. 7/7 అలాంటి ఇళ్లలోనే ఎక్కువ కాలం నిలబడుతుందని నా అభిప్రాయం.

7/7

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమందిని ఊరించేది ఇదే.

మొదటి ప్రశ్న ట్రక్కు ఎవరిది అని. మీరు ఇంట్లో ఉన్న వారం లక్షన్నర డాలర్ల ట్రక్కును యార్డులో ఊరికే ఉంచడానికి కంపెనీలకు మనసొప్పదు. అందుకే చాలాచోట్ల ఒకే ట్రక్కు ఇద్దరికి. మీరు దిగిన రోజే ఇంకొకరు ఎక్కుతారు. దీన్నే స్లిప్ సీట్ అంటారు. కాగితం మీద చిన్న విషయంలాగే ఉంటుంది. మారే రోజున పరుపు మీది దుప్పట్లు, దిండు, బూట్లు, చలికోట్లు, ఇన్వర్టరు, బుల్లి రైస్ కుక్కర్, బియ్యం డబ్బా, ఆవకాయ సీసా అన్నీ ప్లాస్టిక్ పెట్టెల్లో సర్ది కారులోకి మోయాలి. వారం తర్వాత మళ్లీ అన్నీ ఎక్కించాలి. ఎక్కేసరికి సీటు ఇంకొకరి ఎత్తుకు, అద్దాలు ఇంకొకరి చూపుకు ఉంటాయి. అవతలి మనిషి సిగరెట్టు తాగేవాడైతే ఆ వాసన పరుపులోంచి పోదు. మీ పోపు వాసన మీద అతనికీ ఫిర్యాదు ఉండొచ్చనుకోండి. ట్రక్కు శుభ్రత దగ్గర మొదలైన గొడవ డిస్పాచరు (లోడ్లు కేటాయించే కంపెనీ మనిషి) దాకా వెళ్లడం ఈ పద్ధతిలో మామూలే.

రెండోది, అవతలి డ్రైవరు ఆలస్యమైతే మీ వారమూ ఆలస్యమవుతుంది. మంగళవారం పొద్దున ఎక్కాల్సిన ట్రక్కు టైరు పేలి మూడొందల మైళ్ల అవతల ఉంటే, మీరు టెర్మినల్‌లో కూర్చున్న ఆ రోజుకు డబ్బు ఎవరిస్తారు? ఇది రాతపూర్వకంగా ఉన్న కంపెనీలు ఉన్నాయి, నోటిమాటతో సరిపెట్టేవీ ఉన్నాయి.

లాభాల్లో అన్నిటికన్నా పెద్దది మనకు ప్రత్యేకంగా పనికొచ్చేది: ఇండియా ప్రయాణం. మధ్యలో ఒక్క పని వారం సెలవు పెడితే ముందు వారం, వెనక వారం కలిసి 21 రోజులు చేతికొస్తాయి. మొదట్లో దొరికే వేతన సెలవు సాధారణంగా ఓ వారమే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 14/7లో ఇలాగే చేస్తే 28 రోజులు వస్తాయి, కానీ రెండు వారాల సెలవు కావాలి. 21/7లో 35 రోజులు, దానికి మూడు వారాల సెలవు అడగాలి. కొత్తగా చేరినవాడికి అది ఎవరిస్తారు?

ఒక చిక్కు మాత్రం చాలామంది గమనించరు. 7/7 చక్రం 14 రోజులు. ఏడాదికి 365 రోజులంటే 26 చక్రాలు పోను ఒక్క రోజు మిగులుతుంది. అంటే ఒక తేదీ చక్రంలో ఏడాదికి ఒక్క రోజే జరుగుతుంది, లీపు ఏడాది వస్తే రెండు. ఈ సంక్రాంతికి మీరు వ్యోమింగ్‌లో మంచులో ఉంటే వచ్చే సంక్రాంతికీ, ఆ పై సంక్రాంతికీ రోడ్డు మీదే ఉండే అవకాశం ఎక్కువ. పిల్లల పుట్టినరోజులూ అంతే: ఒకసారి పని వారంలో పడితే కొన్నేళ్లు అక్కడే ఉంటాయి. ఉగాది, దసరా, దీపావళి తిథుల ప్రకారం మారతాయి కాబట్టి వాటితో ఈ ఇబ్బంది లేదు. చేరే ముందు కేలండర్ తీసుకుని ఇంట్లో ముఖ్యమైన తేదీలన్నీ గుర్తుపెట్టి, ఏ వారం మొదలుపెడితే ఎక్కువ తేదీలు ఇంట్లో పడతాయో చూసుకోండి. మొదలుపెట్టే వారం ఎంచుకోనివ్వమని అడగడంలో తప్పేమీ లేదు. 21/7 చక్రం 28 రోజులు కాబట్టి దానికీ ఇదే లెక్క. 14/7 ఒక్కటే ఏడాదికి 8 రోజులు జరుగుతుంది, అందుకే అన్ని పండుగలూ వంతులవారీగా దక్కుతాయి.

పని వారంలో రాత్రులు నడిపే రూటు పడితే 7/7 శరీరానికి కష్టం. ఇంటికి వచ్చిన వారం పిల్లల కోసం పగలు మేలుకుంటారు, తర్వాతి వారం మళ్లీ రాత్రులు. పద్నాలుగు రోజుల్లో నిద్ర రెండుసార్లు తలకిందులవుతుంది. పగటి లోడ్లు దొరకని 7/7 కన్నా పగటి లోడ్ల 14/7 మేలు.

14/7

నన్ను అడిగితే పెళ్లయి, పిల్లలుండి, ఇంటికి డ్రైవరు జీతమే ఆధారమైన వాళ్లకు మొదట చూడమనేది ఇదే. మొత్తం వారం ఇంట్లో దొరుకుతుంది, జీతం మరీ పడిపోదు. కొన్ని కంపెనీలు దీనికి సొంతంగా వాడుకునే ట్రక్కే ఇస్తాయి. మరికొన్ని ముగ్గురు డ్రైవర్లకు రెండు ట్రక్కులు పెట్టి తిప్పుతాయి. రెండోదైతే 7/7లో చెప్పిన సామాన్ల మోత ఇక్కడా తప్పదు.

మధ్యలో వచ్చే రీసెట్టే దీని బలహీనత. మీ ఊరు కంపెనీ ఎక్కువగా తిరిగే రూటు మీద ఉంటే, ఆ 34 గంటలు ఇంటికి దగ్గర్లో పడేలా డిస్పాచరుతో మాట్లాడుకోవచ్చు. డాలస్, అట్లాంటా, కొలంబస్ లాంటి సరుకు ఎక్కువగా కదిలే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇది కుదిరే అవకాశం ఎక్కువ. అలా పడితే 14/7 కాస్తా మధ్యలో ఒక రాత్రి ఇంటి పడకతో ఇంకా తేలికవుతుంది.

21/7, మామూలు ఓటీఆర్

21/7 గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ట్రక్కు దాదాపు మీ సొంతంలా ఉంటుంది, నెలకో వారం ఇల్లు. అప్పులు తీర్చుకునేవాళ్లకు, ఇండియాలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు బాగుంటుంది. జీతంలో 28/4కి, దీనికి ఉన్న తేడా కన్నా విశ్రాంతిలో ఉన్న తేడా పెద్దది.

28/4లో నాలుగు రోజులు అంటే నిజంగా నాలుగు కావు. మొదటి రోజు నిద్రకు పోతుంది. చివరి రోజు బట్టలు, వంట సామాను, ట్రక్కు సర్దడానికి పోతుంది. మధ్యలో రెండు రోజుల్లో పళ్ల డాక్టరు, కారు సర్వీసు, స్కూలు మీటింగు, చుట్టాల ఇల్లు. ఇవన్నీ చేసి మళ్లీ బయల్దేరేసరికి ఇంటికి వచ్చామన్న సంగతే గుర్తుండదు. అయినా కొత్త డ్రైవర్లకు మొదటి ఏడాది ఇదే మంచిదంటాను. కొండదారులు, మంచు, న్యూజెర్సీ ఇరుకు డాకుల్లో వెనక్కి పెట్టడం రోజూ చేస్తేనే చేతికొస్తాయి. నేర్చుకునే దశలో వారం విడిచి వారం నడిపితే ఆ అలవాటు నిలవదు. పైగా చాలా 7/7 ఉద్యోగాలు అనుభవం అడుగుతాయి. ఒంటరిగా ఉండి, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి అద్దె మిగుల్చుకునేవాళ్లకు 28/4 అన్నిటికన్నా లాభం. ఆ లాభం ఏడాదో రెండేళ్లో చూసుకుని బయటపడాలి.

ఆయిల్‌ఫీల్డ్ రొటేషన్లు

టెక్సస్‌లో మిడ్‌లాండ్, ఒడెస్సా చుట్టూ ఉన్న పర్మియన్ బేసిన్‌లో ఇసుక, నీళ్లు, ముడి చమురు మోసే ట్రక్కులకు 14/7, 14/14 లాంటి రొటేషన్లు ఉంటాయి. ఇది అసలైన లాంగ్‌హాల్ కాదు. తక్కువ దూరాల్లో పన్నెండు గంటల షిఫ్టులు, కంపెనీ ఇచ్చే క్యాంపుల్లో బస. బావుల పనికే పరిమితమైన డ్రైవర్లకు నిబంధనల్లో సడలింపు ఉంది: రీసెట్‌కు 34 బదులు 24 గంటలు చాలు. గంటలెక్కన, లోడు లెక్కన డబ్బు బాగానే రావొచ్చు. కానీ చమురు ధర పడిపోతే పని కూడా అంతే వేగంగా పడిపోతుంది. ఇంటి నుంచి మిడ్‌లాండ్ దాకా సొంత కారులో వెళ్లి రావడం మీ సెలవు రోజుల్లోంచే పోతుంది. డాలస్ నుంచి అయిదు గంటలంటే పర్వాలేదు, హ్యూస్టన్ నుంచి ఎనిమిది దాకా పడుతుంది.

సెలవు వారంలో ఇంకో పని చేద్దామనుకుంటే

7/7 తీసుకుని ఖాళీ వారంలో ఊబర్ నడపడమో, స్నేహితుడి గ్యాస్ స్టేషన్‌లో కూర్చోవడమో చేద్దామని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. డబ్బు తీసుకుని చేసే పని ఏదైనా, ట్రక్కుతో సంబంధం లేనిదైనా, డ్యూటీ గంటల కిందికే వస్తుంది. దాన్ని లాగ్‌లో చూపించాలి. ఆ గంటలు మీ 70లో కలుస్తాయి. తిరిగి ట్రక్కు ఎక్కే ముందు 34 గంటలు ఏ పనీ లేకుండా ఉంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఆఖరి ఒకటిన్నర రోజు ఖాళీగా ఉంచుకుంటే ఇబ్బంది లేదు. ఆదివారం రాత్రి దాకా గల్లా దగ్గర కూర్చుని సోమవారం తెల్లవారుజామున స్టీరింగ్ పట్టడం మాత్రం నిబంధనలకూ విరుద్ధం, ప్రాణానికీ ప్రమాదం.

సొంత ట్రక్కు ఉన్నవాళ్లకు

ఓనర్-ఆపరేటర్లకు 7/7 దాదాపుగా కుదరదు. ట్రక్కు వాయిదా, ఇన్సూరెన్సు మీరు ఇంట్లో ఉన్న రోజులకూ పడుతుంది. ఇంకో డ్రైవరును పెట్టుకుని ట్రక్కును తిప్పగలిగితే వేరే సంగతి, కానీ అప్పుడు మీరు డ్రైవరు కాదు, చిన్న కంపెనీ యజమాని. పన్నుల్లో మాత్రం వీళ్లకొక వెసులుబాటు ఉంది. ఇంటికి దూరంగా గడిపిన రోజుకు తిండి ఖర్చు కింద 2024 అక్టోబరు నుంచి 80 డాలర్లు లెక్కేసి, అందులో 80 శాతం మినహాయించుకోవచ్చు. కంపెనీ డ్రైవర్లకు 2018 నుంచి ఈ మినహాయింపు లేదు. వారికి కంపెనీయే పర్ డీమ్ (పన్ను పడని రోజువారీ తిండి ఖర్చు) ఇస్తే చెక్కు కాస్త పెరిగినట్టు ఉంటుంది కానీ, పన్ను పడే జీతం తక్కువగా కనిపిస్తుంది. ఇల్లు కొనడానికి లోన్‌కు వెళ్లినప్పుడు అది అడ్డం రావచ్చు.

సంతకం పెట్టే ముందు రిక్రూటరును అడగాల్సినవి

సెలవు ఏ క్షణం నుంచి మొదలవుతుందన్నది మొదట తేల్చుకోండి. ట్రక్కు టెర్మినల్‌లో పెట్టినప్పటి నుంచా, మీరు ఇల్లు చేరినప్పటి నుంచా? మంగళవారం మధ్యాహ్నం రావాల్సినవాడు లోడు ఆలస్యమై బుధవారం రాత్రి వస్తే, తిరిగి వెళ్లే రోజు కూడా అంతే జరుగుతుందా? జరగదంటే అది 7/7 కాదు, ఒక్కోసారి 8/6.

పోయిన మూడు నెలల్లో ఈ షెడ్యూల్ డ్రైవర్లు నడిపిన సగటు మైళ్లు అడగండి. "ఎంతవరకు రావొచ్చు" అని కాదు, ఎంత వచ్చాయి అని. వారానికి కనీస జీతం గ్యారంటీ ఉందా, ఉంటే ట్రక్కు షెడ్డులో ఉన్న రోజులకూ వర్తిస్తుందా కనుక్కోండి. ఖాళీ వారం బీమా కోత ఎలా పడుతుందో ఒక నమూనా పే స్టబ్ చూపించమనండి. షెడ్యూల్ నచ్చకపోతే అదే కంపెనీలో ఇంకోదానికి మారొచ్చా, మారితే మైలు రేటు తగ్గుతుందా అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

స్లిప్ సీట్ అయితే ట్రక్కు పంచుకోబోయే డ్రైవరుతో చేరకముందే ఫోన్లో మాట్లాడించమనండి. పొగ తాగుతాడా, కుక్కను వెంట తెచ్చుకుంటాడా, మారే రోజున ట్యాంకు నింపి ఇస్తాడా అని అతన్నే అడగొచ్చు. కంపెనీ మాట్లాడించనంటే ఆ ట్రక్కు ఎందుకు ఖాళీ అయిందో, ముందున్న డ్రైవరు ఎన్నాళ్లు చేశాడో అడగండి.